మెకానికల్ ట్రిగ్గరా, ఎలక్ట్రానిక్ ట్రిగ్గరా: మ్యాచ్ రైఫిల్, పిస్టల్ కొనేముందు

కొత్త తుపాకీ కొనడానికి సిద్ధమైన షూటర్ బ్రాండు తేల్చుకున్నాక కూడా ఒక దగ్గర ఆగిపోతారు. వాల్థర్ ఎల్‌జీ 400 రైఫిల్ మెకానికల్ ట్రిగ్గర్‌తోనూ ఉంది, ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్‌తోనూ ఉంది. మొరీనీ సీఎం 162 ఎయిర్ పిస్టల్‌లో ఈఐ అంటే ఎలక్ట్రానిక్, ఎంఐ అంటే మెకానికల్. స్టెయర్ ఈవో 10కి పక్కనే ఈవో 10 ఈ ఉంది. 25 మీటర్ల పిస్టళ్లలో పార్దినీ ఎస్పీ కూడా రెండు రకాలుగా దొరుకుతుంది. గొట్టం ఒకటే, గ్రిప్పు ఒకటే, ధర మాత్రం వేరు. ఆ తేడా డబ్బుకు టార్గెట్ మీద ఏమైనా వస్తుందా అన్నదే అసలు ప్రశ్న.

సూటిగా చెప్పాలంటే, జవాబు మీరు ఆడే ఈవెంట్‌ను బట్టి మారుతుంది. ఎయిర్ రైఫిల్‌లో తేడా తక్కువ. ఎయిర్ పిస్టల్‌లో కొంచెం ఎక్కువ. 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్‌లో స్పష్టంగా తెలుస్తుంది. అయితే మూడింటిలోనూ, తుపాకీ పాడైతే దాన్ని ఎవరు బాగుచేస్తారన్నది ట్రిగ్గర్ రకం కన్నా పెద్ద విషయం.

## ముందు ఏం చూడాలి

మీ ఈవెంట్ నిబంధన. ట్రిగ్గర్ బరువు అంటే అది వదలడానికి వేలితో పెట్టాల్సిన ఒత్తిడి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు ట్రిగ్గర్ కనీస బరువు అంటూ లేదు. ఎయిర్ పిస్టల్‌కు కనీసం 500 గ్రాములు ఉండాలి. 25 మీటర్ల స్పోర్ట్ పిస్టల్‌కు, ర్యాపిడ్ ఫైర్ పిస్టల్‌కు 1000 గ్రాములు. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్‌ను అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్ఎస్ఎఫ్ అనుమతిస్తుంది. కాకపోతే సర్క్యూట్, బ్యాటరీతో సహా అన్ని భాగాలూ తుపాకీలోనే బిగించి ఉండాలి, తనిఖీకి ఇచ్చేటప్పుడు అన్నీ అమర్చి ఉండాలి, వాటన్నిటితో కలిపి తూచినా బరువు పరిమితి దాటకూడదు. ఆ పరిమితి ఎయిర్ రైఫిల్‌కు 5.5 కిలోలు, ఎయిర్ పిస్టల్‌కు 1500 గ్రాములు.

బ్రేక్, అంటే ట్రిగ్గర్ వదిలే క్షణం, ప్రతిసారీ ఒకేలా ఉందా. తేలికగా ఉండటం కన్నా ఒకేలా ఉండటం ముఖ్యం. 108 గ్రాముల దగ్గర ఎప్పుడూ ఒకేలా వదిలే ట్రిగ్గర్, ఒకసారి 80 దగ్గర, ఒకసారి 100 దగ్గర వదిలేదాని కన్నా మేలు.

డ్రై ఫైర్, అంటే గుండు లేకుండా ట్రిగ్గర్ నొక్కడం, ఎంత సులువు. ఇంట్లో గోడ ముందు చేసే సాధనలో ఇదే ప్రధానం.

రిపేరు ఎక్కడ, ఎన్ని రోజులకు. మీ ఊళ్లో గన్‌స్మిత్ చేయగలరా, లేక విదేశం నుంచి పార్టు రావాలా?

స్పేర్ తుపాకీ ఉందా. అకాడమీలోనో, తోటి షూటర్ దగ్గరో అదే మోడల్ ఉంటే మీ నిర్ణయం సగం తేలినట్టే.

## లోపల ఏం జరుగుతుంది

మెకానికల్ ట్రిగ్గర్‌లో బిగుసుకున్న హ్యామర్ స్ప్రింగును సియర్ అనే చిన్న ఉక్కు కొక్కెం పట్టి ఉంచుతుంది. మీరు వేలితో నొక్కినప్పుడు మీటలు ఒకదాన్ని ఒకటి కదిపి, ఆ కొక్కేన్ని జరుపుతాయి. కొక్కెం అంచు నుంచి జారగానే హ్యామర్ వెళ్లి వాల్వును కొడుతుంది, గాలి వదులుతుంది, పెల్లెట్ కదులుతుంది. కొక్కెం మీద స్ప్రింగు బరువు ఎప్పుడూ ఉంటుంది. అందుకే ఆ రెండు ఉక్కు అంచుల నునుపు, వాటి మధ్య పట్టు ఎంత లోతుందన్నదే మెకానికల్ ట్రిగ్గర్ ప్రాణం. మంచి మ్యాచ్ తుపాకీలో ఆ పట్టు మిల్లీమీటరులో చిన్న భాగమే ఉంటుంది.

ఎలక్ట్రానిక్‌లో మీ వేలు హ్యామర్ జోలికే పోదు. ట్రిగ్గర్ బ్లేడు ఒక స్విచ్‌నో, సెన్సర్‌నో కదుపుతుంది. సర్క్యూట్ ఆ సంకేతం అందుకుని సొలినాయిడ్ అనే విద్యుదయస్కాంతానికి కరెంటు పంపుతుంది. మిగతా పని సొలినాయిడ్ చేస్తుంది. మ్యాచ్ ట్రిగ్గర్‌ను రెండు అంచెల్లో నొక్కుతారు: ఫస్ట్ స్టేజ్‌లో బ్లేడు వెనక్కి వచ్చి ఆగుతుంది, సెకండ్ స్టేజ్‌లో ఇంకాస్త నొక్కితే వదులుతుంది. ఎలక్ట్రానిక్‌లో ఆ సెకండ్ స్టేజ్‌లో ఉక్కు మీద ఉక్కు జారుతున్న గరుకు తెలియదు. గాజు పుల్ల విరిగినట్టు ఠక్కున వదులుతుంది.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్‌లో కూడా వేలికి తగిలే బరువు స్ప్రింగులే ఇస్తాయి. స్క్రూలూ ఉంటాయి. ఫస్ట్ స్టేజ్ దూరం, ఫస్ట్ స్టేజ్ బరువు, సెకండ్ స్టేజ్ బరువు, బ్రేక్ అయ్యాక బ్లేడు ఎంత దూరం పోవాలన్న స్టాప్, బ్లేడు కోణం అన్నీ మీరే సెట్ చేసుకోవాలి. సరిగా సెట్ చేయని ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్, బాగా సెట్ చేసిన మెకానికల్ ముందు తేలిపోతుంది. బ్యాటరీ ఉంది కదా, బరువు మారదు అనుకుని తూనిక చూడకుండా మ్యాచ్‌కు వెళ్లకండి.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| అంశం | మెకానికల్ | ఎలక్ట్రానిక్ |
|---|---|---|
| సెకండ్ స్టేజ్ స్పర్శ | ఖరీదైన మోడళ్లలో చాలా శుభ్రం, పాతబడితే గరుకు | మొదటి నుంచీ శుభ్రం |
| డ్రై ఫైర్ | ప్రతిసారీ లివర్ తీసి కాక్ చేయాలి (స్ప్రింగును మళ్లీ బిగించాలి) | చాలా మోడళ్లలో వరసగా నొక్కుతూ పోవచ్చు |
| ఎక్కువగా పాడయ్యేది | సియర్ అంచు, వదులైన స్క్రూ, దుమ్ము | బ్యాటరీ, కాంటాక్టులు, చార్జింగ్ పోర్టు, సర్క్యూట్ |
| పాడయ్యే తీరు | ముందే లక్షణాలు కనిపిస్తాయి | తరచుగా ఉన్నట్టుండి ఆగిపోతుంది |
| రిపేరు | అనుభవమున్న గన్‌స్మిత్ చేయగలరు | తరచుగా మొత్తం యూనిట్ మార్చాలి |
| ధర | తక్కువ | అదే మోడల్‌లో ఎక్కువ |
| సెకండ్ హ్యాండ్‌లో కొనడం | పరీక్షించి కొనవచ్చు | సర్క్యూట్ ఆయుష్షు కంటికి కనిపించదు |

"పాడయ్యే తీరు" అన్న వరస దగ్గర కాస్త ఆగండి. మెకానికల్ ట్రిగ్గర్ చెప్పి మరీ చెడుతుంది. వారం ముందు నుంచే సెకండ్ స్టేజ్‌లో గరుకు తగులుతుంది, బరువు పది గ్రాములు అటూ ఇటూ అవుతుంది, లివర్ మూసేటప్పుడు ఒక్కోసారి కాక్ నిలవదు. చూసుకునే షూటర్‌కు సమయం దొరుకుతుంది. ఎలక్ట్రానిక్ అయితే నిన్న సాయంత్రం దాకా బంగారంలా పనిచేసి, ఈ రోజు సైటర్లలో, అంటే మ్యాచ్ ముందు వేసే ట్రయల్ షాట్లలో, నోరు మెదపకపోవచ్చు.

2021 జులైలో టోక్యో ఒలింపిక్స్ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ క్వాలిఫికేషన్‌లో మను భాకర్ పిస్టల్ మధ్యలో మొరాయించింది. లివర్ విరిగిందని కొన్ని వార్తలు, ట్రిగ్గర్ సర్క్యూట్ దెబ్బతిందని కొన్ని వార్తలు వచ్చాయి. బాగుచేయించుకుని లైన్ మీదికి వచ్చేసరికి విలువైన నిమిషాలు పోయాయి. ఆమె 575 పాయింట్లతో 12వ స్థానంలో నిలిచింది. రెండు పాయింట్ల తేడాతో ఫైనల్ చేజారింది. మూడేళ్ల తర్వాత పారిస్‌లో అదే ఈవెంట్‌లో కాంస్యం గెలిచింది. ఎలక్ట్రానిక్ వద్దని దీని అర్థం కాదు. లివర్ ఏ తుపాకీలోనైనా విరుగుతుంది. గుర్తుపెట్టుకోవలసింది నిబంధనను: 10 మీటర్ల మ్యాచ్‌లో మీ తుపాకీ లోపానికి అదనపు సమయం రాదు. 60 షాట్ల ఈవెంట్‌కు ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద గంటా పదిహేను నిమిషాలే. అందులోనే బాగుచేసుకోవాలి, లేదా స్పేర్ తుపాకీ తీయాలి.

## ఎయిర్ రైఫిల్ షూటర్లకు

ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది వలయం అర మిల్లీమీటరు చుక్క. స్కోరు దశాంశాల్లో లెక్కపెడతారు, గరిష్ఠం 654. ఆ చుక్క కోసం ట్రిగ్గర్ ఎంతో గొప్పగా ఉండాలని అనిపిస్తుంది. కానీ ఇక్కడ ట్రిగ్గర్ మొత్తం బరువు సాధారణంగా 80 నుంచి 130 గ్రాముల మధ్యే పెట్టుకుంటారు. రైఫిల్ బరువు ఐదు కిలోల దగ్గర, దాన్ని ఎముకల ఆసరాతో, జాకెట్ ఆసరాతో నిలబెడతారు. 100 గ్రాముల ట్రిగ్గర్‌లో ఉండే కాస్త గరుకు ఐదు కిలోల రైఫిల్‌ను కదిలించడం కష్టం. పెల్లెట్ సెకనుకు 170 మీటర్ల దరిదాపుల్లో వెళ్తుంది, టార్గెట్ చేరడానికి సెకనులో పదహారో వంతు పడుతుంది. మంచి మెకానికల్‌కు, ఎలక్ట్రానిక్‌కు మధ్య లాక్ టైమ్ (ట్రిగ్గర్ వదిలాక షాట్ పేలడానికి పట్టే సమయం) తేడా ఈ లెక్కలో చాలా చిన్నది.

కాబట్టి ఎయిర్ రైఫిల్‌కు ఎలక్ట్రానిక్ కొనడానికి గట్టి కారణం స్కోరు కాదు, డ్రై ఫైర్. రోజుకు వంద, నూటయాభై డ్రై షాట్లు చేసేవారు మెకానికల్‌లో ప్రతిసారీ చేయి ముందుకు చాపి లివర్ తీయాలి. పొజిషన్ కదులుతుంది, భుజం అలుస్తుంది. చాలా ఎలక్ట్రానిక్ మోడళ్లలో చెంప స్టాక్ మీద నుంచి తీయకుండానే మళ్లీ నొక్కవచ్చు. స్కాట్ లాంటి ఎలక్ట్రానిక్ ట్రైనర్ పెట్టుకుని గురి కదిలిన దారిని (ట్రేస్) తెర మీద చూసేవారికి ఇది పెద్ద లాభం.

ఒక్క రైఫిల్ మాత్రమే కొనగలిగే జూనియర్‌కు మాత్రం మంచి మెకానికల్ చాలు, నిస్సంకోచంగా చెప్పగలం. తేడా డబ్బు పెల్లెట్లకు పెట్టండి. మ్యాచ్ పెల్లెట్ల డబ్బాలో 500 ఉంటాయి. సైటర్లతో కలిపి ఒక్కో మ్యాచ్‌కు ఎనభై దాకా పోతే డబ్బా ఆరు మ్యాచ్‌లకే అయిపోతుంది. రైఫిల్‌ను బిగించి, నాలుగైదు బ్యాచ్‌ల పెల్లెట్లు పరీక్షించి, మీ గొట్టానికి సరిపడే బ్యాచ్‌ను ఎక్కువగా కొని పెట్టుకుంటే వచ్చే లాభం ట్రిగ్గర్ మార్పుతో రాదు.

## ఎయిర్ పిస్టల్ షూటర్లకు

ఇక్కడ లెక్క మారుతుంది. పిస్టల్ బరువు కిలో పైచిలుకు. ఒంటి చేత్తో పట్టుకోవాలి. ట్రిగ్గర్ మాత్రం కనీసం 500 గ్రాములు. అంటే పిస్టల్ బరువులో దాదాపు సగం బరువును ఒక్క వేలు లాగుతోంది. ఆ లాగుడులో చిన్న కుదుపు ఉన్నా ముందు సైట్ పక్కకు పోతుంది. సెకండ్ స్టేజ్‌లో గరుకు తెలిసిన క్షణమే చేయి బిగుసుకుంటుంది, షాట్ ఏడు గంటల దిక్కుకు జారుతుంది. కుడిచేతి వాటం పిస్టల్ షూటర్లందరికీ ఈ మూల పరిచయమే.

అందుకే ఎయిర్ పిస్టల్‌లో ఎలక్ట్రానిక్ మొరీనీని ఇష్టపడేవారు అంతమంది ఉన్నారు. అలాగని మెకానికల్ తక్కువది కాదు. ఫైన్‌వెర్క్‌బావ్, పార్దినీ, స్టెయర్ మెకానికల్ ట్రిగ్గర్లతో అంతర్జాతీయ పతకాలు వస్తూనే ఉన్నాయి. తేడా ఏమిటంటే, మెకానికల్ అంత శుభ్రంగా ఉండాలంటే దాన్ని అలా ఉంచుకోవాలి. ఆరు నెలలకోసారైనా తెలిసినవారితో శుభ్రం చేయించాలి, నూనె అతిగా వేయకూడదు. ట్రిగ్గర్ గరుకుగా ఉందని చెప్పే తుపాకుల్లో చాలావాటికి అసలు జబ్బు పెల్లెట్ల సీసం పొడి, నూనె కలిసి కట్టిన జిగురే.

సెట్టింగ్‌కు మొదటి కొలత ఇలా పెట్టుకోవచ్చు: ఫస్ట్ స్టేజ్‌కు 370 నుంచి 400 గ్రాములు, మిగతాది సెకండ్ స్టేజ్‌కు, మొత్తం 510 నుంచి 520. సరిగ్గా 500కు పెట్టుకోకండి. తనిఖీలో గొట్టాన్ని నిలువుగా పట్టి, ట్రిగ్గర్ మధ్యలో బరువును తగిలించి పైకి లేపుతారు. సిలిండర్‌లో గాలి ఉండాలి, తుపాకీ కాక్ చేసి ఉండాలి. బరువు నేల వదిలి లేచేలోపు ట్రిగ్గర్ జారకూడదు. ముందు తనిఖీలో మూడు అవకాశాలు ఇస్తారు. మ్యాచ్ ముగిశాక కూడా కొందరిని ఎంచి తూస్తారు, అప్పుడు తప్పితే డిస్‌క్వాలిఫై చేస్తారు. ఎండాకాలం ఉదయం చల్లని ఏసీ రేంజ్‌లో పెట్టిన 501 గ్రాములు మధ్యాహ్నానికి 497 అయితే అడిగే దిక్కుండదు.

## 25 మీటర్లు, ర్యాపిడ్ ఫైర్

ఎలక్ట్రానిక్‌కు ఎక్కువ విలువ ఉన్నది ఇక్కడే. పురుషుల ర్యాపిడ్ ఫైర్‌లో పక్కపక్కనే ఉన్న ఐదు టార్గెట్ల మీద ఐదు షాట్లు వేయాలి. సిరీస్‌కు 8 సెకన్లు, తర్వాత 6, తర్వాత 4. నాలుగు సెకన్ల సిరీస్‌లో చేయి 45 డిగ్రీల దించిన స్థితి నుంచి లేచి మొదటి షాట్ వేసేసరికే సెకను దాటుతుంది. మిగిలిన నాలుగు షాట్లకు ఒక్కోదానికి అర సెకను పైచిలుకు దక్కుతుంది. ఆ అర సెకనులో ట్రిగ్గర్ వదలాలి, రీసెట్ కావాలి (మళ్లీ నొక్కడానికి సిద్ధం కావాలి), ఫస్ట్ స్టేజ్ తీసుకోవాలి, సైట్ చూడాలి, నొక్కాలి.

ఎలక్ట్రానిక్‌లో రీసెట్ దూరం చిన్నదిగా, ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. ఐదో షాట్ కూడా మొదటి షాట్‌లాగే తగులుతుంది. సెమీ ఆటోమేటిక్ మెకానికల్ పిస్టల్‌లో స్లైడు వెనక్కీ ముందుకూ కొట్టుకున్న ప్రతిసారీ సియర్ మళ్లీ పట్టుకోవాలి. బ్రేక్ మరీ పదునుగా కావాలని సియర్ పట్టు తగ్గించేస్తే స్లైడు అదురుకు కొక్కెం జారి, ఒక నొక్కుకు రెండు షాట్లు పోయే ప్రమాదం ఉంది. ఇది స్కోరు సంగతి కాదు, భద్రత సంగతి. 25 మీటర్ల పిస్టల్ సియర్‌ను ఇంట్లో ముట్టుకోవద్దు.

పాత తరం ర్యాపిడ్ ఫైర్ పిస్టళ్లు .22 షార్ట్ తూటాలతో, చాలా తేలికైన ట్రిగ్గర్లతో ఉండేవి. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ తర్వాత ఆ రకం పోయింది. ఇప్పుడు .22 లాంగ్ రైఫిల్, 1000 గ్రాముల ట్రిగ్గర్. అందులో 750 నుంచి 800 దాకా ఫస్ట్ స్టేజ్‌లోనే ఉంచి, సెకండ్ స్టేజ్‌కు రెండు వందల పైచిలుకు వదిలితే వేగంలో కూడా వేలు గుంజదు. మహిళల స్పోర్ట్ పిస్టల్ ర్యాపిడ్ దశలో టార్గెట్ మూడు సెకన్లు కనిపిస్తుంది, ఏడు సెకన్లు కనిపించదు, ఒక్కోసారికి ఒక్క షాటే. కాబట్టి రీసెట్ అంత ముఖ్యం కాదు. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ వ్యక్తిగత రజతం గెలిచిన హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ ఆడేది ఈ ఈవెంటే. ఆమెను చూసి ఈ ఈవెంట్ మొదలుపెట్టే అమ్మాయిలకు మెకానికల్ పిస్టల్‌తో ఏ లోటూ రాదు.

.22 పిస్టల్‌కు ఆయుధ లైసెన్సు తప్పనిసరి. 4.5 మిల్లీమీటర్ల బోరుతో, 20 జౌళ్లకు మించని ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్‌కు మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. మొదటి తుపాకీ ఎయిర్‌లోనే కొనేవారు ఎక్కువ కావడానికి ఇదీ ఒక కారణం.

## సెకండ్ హ్యాండ్ సంగతి

సెకండ్ హ్యాండ్‌లో మెకానికల్ వైపే మొగ్గండి. పదేళ్ల నాటి మెకానికల్ ట్రిగ్గర్‌ను వేలితో పది నిమిషాల్లో చదివేయవచ్చు. ఇరవై డ్రై షాట్లు నెమ్మదిగా వేయండి, కళ్లు మూసుకుని వేస్తే ఇంకా మంచిది. ట్రిగ్గర్ గేజ్‌తో పదిసార్లు తూచి కాగితం మీద రాయండి. ఎయిర్ రైఫిల్‌లో పది కొలతల మధ్య తేడా పది గ్రాములు మించితే శుభ్రం చేయించాక మళ్లీ చూడాలి, అప్పటికీ తగ్గకపోతే సియర్ అరిగినట్టే.

ఎలక్ట్రానిక్ అయితే మొదట బ్యాటరీ మూత తీసి చూడండి. కాంటాక్టుల మీద పచ్చటి, తెల్లటి పొడి ఉంటే తేమ లోపలికి పోయిందని అర్థం. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరం ఊళ్లలో వాడిన తుపాకుల్లో దీన్ని తప్పకుండా వెతకాలి. ఏ రకమైనా సిలిండర్ మీద ముద్రించిన తేదీ చూడండి. చాలా జర్మన్ కంపెనీలు పదేళ్ల పరిమితి పెడతాయి. తేదీ దాటిన సిలిండర్ ఉంటే కొత్తదాని ధర తీసేసి బేరం చేయాలి.

## ఎలక్ట్రానిక్ తీసుకుంటే

చార్జింగ్ రకమైతే మ్యాచ్ ముందు రాత్రి నింపండి, కానీ అదే రాత్రి కొత్త చార్జర్ వాడకండి. బ్యాటరీ మార్చే రకమైతే తేదీ చూసి కొన్న రెండు కొత్తవి గన్ బాక్సులో ఉండాలి. విమానంలో వెళ్తుంటే విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే పెట్టాలి, చెక్ ఇన్ పెట్టెలో పెట్టనివ్వరు. సిలిండర్ ఖాళీ చేసి తీసుకెళ్లడం రెండు రకాలకూ వర్తిస్తుంది.

ఏసీ గది నుంచి బయటి ఉక్కలోకి తెచ్చిన వెంటనే తుపాకీ మీద తేమ పడుతుంది. పెట్టె మూసే ఉంచి అరగంట ఆగండి, పెట్టెలో సిలికా జెల్ వేయండి. ట్రిగ్గర్ దగ్గర నూనె స్ప్రే కొట్టవద్దు. మెకానికల్‌కు అలవాటైన చేతులు ఈ తప్పే చేస్తాయి. నూనె కాంటాక్టుల మీదికి పాకితే తుపాకీ ఒకసారి పేలుతుంది, ఒకసారి పేలదు. ఎక్కడ లోపమో పట్టుకోవడం అప్పుడు చాలా కష్టం.

లైన్ మీద పేలకపోతే గొట్టం టార్గెట్ వైపే ఉంచి చేయెత్తండి. రేంజ్ అధికారి వచ్చాక వరసగా చూడండి: స్విచ్ ఆన్‌లో ఉందా, లైట్ ఏ రంగు చూపుతోంది, లివర్ పూర్తిగా మూసుకుందా, సిలిండర్ గేజ్ ఎంత చూపుతోంది. ఈ నాలుగూ బాగుంటే బ్యాటరీ మార్చండి. అప్పటికీ పేలకపోతే విప్పడం మొదలుపెట్టకుండా స్పేర్ తీయండి.

ఆ స్పేర్ తుపాకీకి మీ గ్రిప్పు పడుతుందా, బ్లేడు మీ వేలు దూరానికి సెట్ చేసి ఉందా, ట్రిగ్గర్ తూనిక అయిందా, సైట్ క్లిక్కులు ఎన్నో రాసి ఉందా అన్నది మ్యాచ్‌కు వారం ముందే చూసుకోవాలి. క్లిక్కుల లెక్క ఫోన్‌లో కాకుండా గన్ బాక్సు మూత లోపల కాగితం మీద రాసి అతికించండి. లైన్ మీద ఫోన్ తీయనివ్వరు.